పెద్ద కొనుగోళ్లకు నగదు ఇస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేశాను. అందులో సగం కాలం క్యాష్ కౌంటర్ వెనకే గడిచింది. రిటైరయ్యాక కూడా మా వీధిలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా, ఎవరు స్థలం బేరమాడినా ముందు నా దగ్గరికే వస్తారు. "క్యాష్ ఇవ్వొచ్చా సార్, ఏమన్నా ఇబ్బందా?" అని అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే మాటల్నే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఇందులో ఉన్న సెక్షన్ నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టంలోవి. 2025లో చేసిన కొత్త చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దాంట్లో నంబర్లు వేరు. కానీ షాపుల్లో, బ్యాంకుల్లో, ఆడిటర్ల నోట పాత నంబర్లే నానుతున్నాయి కాబట్టి అవే వాడాను. పెద్ద మొత్తమైతే మీ ఆడిటర్‌ని ఒకసారి అడిగాకే డబ్బు కదపండి.

క్యాష్ ఇచ్చి పెద్ద వస్తువు కొనడం నేరమా?

కాదు. మీ దగ్గరున్న డబ్బు మీ సంపాదనే అయితే, దానికి లెక్క ఉంటే, భయపడాల్సిన పని లేదు. ఇంట్లో ఇంతకు మించి నగదు ఉంచుకోకూడదని పరిమితి కూడా ఏమీ లేదు. అడిగినప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించగలగాలి, అంతే. చట్టం పట్టుకునేది ఒక లావాదేవీలో ఎంత నగదు చేతులు మారిందన్నదాన్ని.

ఆ రెండు లక్షల రూలు ఏంటి?

2017 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 269ఎస్‌టీ అనే సెక్షన్ అది. 2 లక్షలు గానీ అంతకు మించి గానీ ఎవరూ నగదుగా తీసుకోకూడదు. "మించి" ఒక్కటే కాదు, సరిగ్గా 2 లక్షలు తీసుకున్నా తప్పే. 1,99,999 వరకే సరే. దీన్ని మూడు రకాలుగా చూస్తారు: ఒకే మనిషి దగ్గర ఒక్క రోజులో మొత్తం ఎంత తీసుకున్నారు, ఒక్క లావాదేవీకి ఎంత తీసుకున్నారు, ఒక్క సందర్భానికి సంబంధించి ఒకే మనిషి దగ్గర ఎంత తీసుకున్నారు. మూడింట్లో ఏ ఒక్కటి 2 లక్షలకు చేరినా నిబంధన తగులుతుంది.

ఇప్పుడు ఈ పరిమితి ఎంత చిన్నదైపోయిందో చూడండి. 2017లో పది గ్రాముల బంగారం 30 వేల దరిదాపుల్లో ఉండేది. అప్పుడు 2 లక్షలంటే ఆరు తులాల పైమాట. 2025లో తులం లక్ష దాటాక అదే 2 లక్షలకు రెండు తులాలు కూడా రావడం లేదు. పరిమితి మాత్రం అక్కడే ఉంది. అందుకే ఒకప్పుడు ధనవంతుల తలనొప్పిగా ఉన్న నిబంధన ఇప్పుడు కూతురికి ఒక గొలుసు చేయించే మామూలు కుటుంబానికీ తగులుతోంది.

రెండు బిల్లులు చేస్తే సరిపోతుందని షాపులో అంటున్నారు. నిజమేనా?

కాదు. నాకు ఈ మాట వింటేనే టెన్షన్. మా అక్క కూతురి పెళ్లికి నగలు కొనడానికి వెళ్లినప్పుడు మాకూ ఇదే సలహా ఇచ్చారు. మొత్తం 3,60,000 అయింది. "సగం అమ్మగారి పేరున, సగం అయ్యగారి పేరున కొడతాం, రేపటి తేదీ వేస్తాం" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. మంచివాడే పాపం, అతనికి అలాగే చెప్పి పెట్టారు. ఒకే బేరం, ఒకే రోజు ఎంచుకున్న నగలు, ఒకే పెళ్లి. బిల్లులు ఎన్ని ముక్కలు చేసినా లావాదేవీ ఒక్కటే. మేం 1,50,000 నగదు ఇచ్చి మిగతా 2,10,000 ఖాతా నుంచి ఖాతాకు నేరుగా వెళ్లేలా ఆర్‌టీజీఎస్ చేశాం. పావుగంట పట్టింది. బిల్లు మీద రెండూ విడివిడిగా రాయించుకున్నాం.

పెళ్లి ఖర్చుల్లోనూ ఇంతే. ఒకే వ్యక్తి ఫంక్షన్ హాలూ, భోజనాలూ, డెకరేషనూ అన్నీ మాట్లాడుకుంటే, మూడు రోజుల్లో మూడు దఫాలుగా 90 వేల చొప్పున ఇచ్చినా అది ఒక్క సందర్భమే అవుతుంది. హాలు వాళ్లు వేరు, వంట మేస్త్రీ వేరు, పూలవాళ్లు వేరు అయితే ఎవరి లెక్క వారిది.

జరిమానా కొన్నవాడికా, అమ్మినవాడికా?

తీసుకున్నవాడికి. ఎంత తీసుకున్నారో అంతే జరిమానా పడొచ్చు. 3 లక్షలు తీసుకుంటే 3 లక్షలు. సరైన కారణం రుజువు చేస్తే మినహాయింపు ఉంటుంది గానీ దాన్ని నమ్ముకుని దిగకూడదు. అలాగని కొన్నవాడికి ఏమీ కాదని కాదు. ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న కొన్నవాడి ఇంటికే వస్తుంది. వ్యాపారం చేసేవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే మనిషికి ఒక్క రోజులో 10,000 దాటి నగదుగా ఇచ్చిన ఖర్చును, కొన్ని మినహాయింపులు తప్ప, వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు. లారీల కిరాయి చెల్లింపులకైతే అది 35,000.

పాన్ ఎప్పుడు అడుగుతారు?

2016 జనవరి 1 నుంచి 2 లక్షలు దాటిన వస్తువుల కొనుగోలుకు పాన్ నంబరు అడగడం మొదలైంది. నగదైనా కార్డైనా తేడా లేదు. కొంతమంది పాన్ ఇస్తే పన్ను పడుతుందేమోనని వేరేవాళ్ల కార్డు ఇచ్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నగ మీ దగ్గర, లెక్క వాళ్ల మీద ఉంటుంది. రేపు ఆ నగ అమ్మాలన్నా, దొంగతనం జరిగి ఫిర్యాదు ఇవ్వాలన్నా బిల్లు మీ పేరున లేదు.

పసుపు కుంకుమ కింద అమ్మాయికి క్యాష్ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, 2 లక్షల లోపు. చాలామందికి తెలియని సంగతి ఇది. తల్లిదండ్రులు పిల్లలకు ఇచ్చే బహుమతి మీద పన్ను లేదు, ఎంతైనా సరే. కానీ నగదు పరిమితి బహుమతికీ వర్తిస్తుంది. తండ్రి 5 లక్షలు కట్టలుగా చేతిలో పెడితే, పన్ను ఉండదు గానీ, తీసుకున్న కూతురు 269ఎస్‌టీ కిందికి వస్తుంది. ఆమె ఖాతాలోకి చెక్కుగానో ఆన్‌లైన్లోనో వేయండి. ఆ డబ్బు ఆమెదేనని రేపు చెప్పడానికి ఆమెకూ ఆధారం ఉంటుంది, నాకు ఇదే ముఖ్యం. ఇక కట్నం అడగడం, ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచే నేరం. దానికి నగదు, చెక్కు అనే తేడా లేదు.

స్థలానికి బయానా ఎంత వరకు నగదుగా ఇవ్వొచ్చు?

20,000 లోపు. ఇక్కడ వర్తించేది 2 లక్షల రూలు కాదు, 269ఎస్ఎస్ అనే వేరే సెక్షన్. అప్పులకూ డిపాజిట్లకూ ముందు నుంచి ఉన్న ఈ నిబంధనను 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి కోసం తీసుకునే అడ్వాన్సులకూ వర్తింపజేశారు. 20,000 గానీ ఆపైన గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నవాడికి అంతే జరిమానా. రిజిస్ట్రేషన్ జరిగినా జరగకపోయినా ఇదే. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే ఇది వర్తించదు.

మన ఊళ్లలో బయానా ఎలా ఇస్తారో నాకు తెలుసు. మధ్యవర్తి ఇంటి అరుగు మీద కూర్చుని, తువ్వాల్లో మూటకట్టి తెచ్చిన కట్టలు విప్పి, తాంబూలంలో పెట్టి ఇస్తారు. మా చిన్నాన్న 4 లక్షలు అలాగే ఇచ్చాడు. ఒక తెల్ల కాగితం మీద "ముట్టినవి" అని రాసి సంతకం పెట్టారు. సర్వే నంబరు లేదు, గడువు లేదు, సాక్షుల పేర్లున్నాయి గానీ ఇంటిపేర్లు లేవు. ఆరు నెలల్లో అమ్మినాయన కాలం చేశాడు. కొడుకులు ఆ సంతకం మా నాన్నది కాదన్నారు. చిన్నాన్న ఆ కాగితాన్ని మడతల దగ్గర చిరిగిపోయేదాకా చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు. ఒక్క చెక్కు ఇచ్చి ఉంటే బ్యాంకు పుస్తకమే సాక్షి అయ్యేది.

ఇప్పుడైతే కోర్టుకు వెళ్లడం కూడా అంత సులువు కాదు. బెంగళూరులోని ఒక స్థలానికి 75 లక్షలు నగదుగా అడ్వాన్సు ఇచ్చామన్న వివాదంలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2 లక్షలు లేదా అంతకు మించి నగదు ఇచ్చామని ఎవరైనా దావా వేస్తే, కోర్టు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని చెప్పింది. రిజిస్ట్రేషన్ కోసం వచ్చిన దస్తావేజులో అలాంటి చెల్లింపు కనిపిస్తే సబ్ రిజిస్ట్రార్ కూడా తెలియజేయాలంది. అంటే న్యాయం కోసం వెళ్లినా ముందు ఆ నగదుకు లెక్క చెప్పుకోవాల్సి వస్తుంది.

ప్రభుత్వ విలువకు రిజిస్ట్రేషన్, మిగతాది క్యాష్ అంటున్నారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోకండి. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా ఈ "వైట్ ఇంత, బ్లాక్ ఇంత" బేరం ఎదురుకాని మనిషి లేడు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని కొనేవాణ్ని ఒప్పిస్తారు. ఆ మిగులు ఎటు పోతుందో చెప్తాను. 60 లక్షలకు కొన్న ప్లాటును 25 లక్షలని రాయించారనుకోండి. బ్యాంకు లోను కాగితం మీదున్న 25 లక్షలను బట్టే ఇస్తుంది. పదేళ్లకు మీరు 80 లక్షలకు పూర్తిగా వైట్‌లో అమ్మితే, లాభం 20 లక్షలు కాదు, 55 లక్షలని లెక్క వస్తుంది. అమ్మినవాడు ఎగ్గొట్టిన పన్ను మీరు కడతారు. మధ్యలో టైటిల్ గొడవ వచ్చి డబ్బు వాపసు అడగాల్సి వస్తే చట్టం ముందు మీరిచ్చింది 25 లక్షలే. మిగతా 35 లక్షలు మీ నోటిమాట.

"అందరూ ఇలాగే చేస్తున్నారండీ" అని ఏజెంటు అంటాడు. నిజమే, చేస్తున్నారు. వాళ్లలో ఎంతమంది మా కౌంటర్ దగ్గరికొచ్చి ఆ నగదు ఖాతాలో ఎలా వేయాలో తెలియక నిలబడ్డారో నేను చూశాను. ఒక ఆర్థిక సంవత్సరంలో పొదుపు ఖాతాలో నగదు డిపాజిట్లు 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆ వివరం పన్ను శాఖకు పంపుతుంది. మేనేజరు మంచివాడైనా ఆపలేడు.

పంట అమ్మిన డబ్బు నగదుగా వచ్చింది. ట్రాక్టర్ కొనొచ్చా?

పంట డబ్బుకు లెక్క ఉంటే ఎందుకు కొనకూడదు! రైతు తన పంటను వ్యాపారికి 2 లక్షల లోపు నగదుకు అమ్మితే పాన్ గానీ, పాన్ లేనివాళ్లు నింపే ఫారం 60 గానీ అక్కర్లేదని, 269ఎస్‌టీ కూడా తగలదని 2017 నవంబర్‌లో పన్ను శాఖే సర్క్యులర్ ఇచ్చింది. మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీ, కాటా చీటీ పారేయకండి. మిర్చి టిక్కీలు దించి, లెక్క చూసుకుని, చీటీ అక్కడే వదిలేసి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ చీటీయే మీ డబ్బు పుట్టుక పత్రం. ట్రాక్టర్ షోరూమ్‌లో మాత్రం 2 లక్షల రూలు మామూలే. లోను పోను మీరు కట్టాల్సిన మార్జిన్ సొమ్ము 2 లక్షలకు చేరితే డీడీగానో ఖాతా నుంచో కట్టండి.

నా ఖాతాలోంచి 5 లక్షలు నగదు తీసుకుంటే రూలు తప్పినట్టా?

కాదు. బ్యాంకు నుంచి మీరు తీసుకునే నగదుకు ఆ 2 లక్షల నిబంధన లేదు. ఒక ఏడాదిలో విత్‌డ్రాలు కోటి దాటితే ఆపై మొత్తం మీద 2 శాతం టీడీఎస్ (బ్యాంకే ముందుగా కోసుకునే పన్ను) ఉంటుంది, మామూలు కుటుంబాలకు అంత దూరం రాదు. ముందు రోజు బ్రాంచికి ఒక మాట చెప్పండి. చిన్న బ్రాంచీల్లో పొద్దున్నే అంత నగదు ఉండదు.

నోట్లు ఎలా లెక్కపెట్టుకోవాలి?

ఇది నా వృత్తి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇప్పుడు చలామణిలో తిరిగే పెద్ద నోటు 500. వంద నోట్లు ఒక కట్ట, అంటే 50,000. పది కట్టలు 5 లక్షలు. కట్ట చుట్టూ కాగితం పట్టీ ఉంటుంది. పిన్నులు కొట్టొద్దని రిజర్వ్ బ్యాంకు 2001లోనే చెప్పింది, పిన్ను తీసేటప్పుడే నోట్లు చిరిగేవి. పట్టీ చూసి వంద ఉన్నాయని నమ్మొద్దు. పట్టీ విప్పి మీ కళ్ల ముందే మిషన్లో రెండుసార్లు వేయించండి. రెండోసారి కట్టను తిప్పి పెట్టమనండి. మడత పడ్డ నోటు ఒకవైపు నుంచి రెండుగా లెక్కకు రావచ్చు, తిప్పితే దొరుకుతుంది.

చేత్తో లెక్కపెడుతుంటే మధ్యలో ఎవరితోనూ మాట్లాడకండి. పాతికకొకసారి ఆపి అడ్డంగా పెట్టండి. ఇరవై ఐదేసి నోట్ల పేర్పులు నాలుగు కనిపిస్తే కట్ట సరిపోయినట్టు. నేను చివరి రోజు వరకూ అలాగే లెక్కపెట్టాను.

దొంగనోటును పట్టుకోవడం ఎలా?

మిషన్ కంటే ముందు వేలు చెప్తుంది. 500 నోటు ఎడమ, కుడి అంచుల మీద ఐదేసి వాలు గీతలు ఉంటాయి. గోరుతో కాదు, వేలి మెత్తటి భాగంతో తడమండి, ఉబ్బెత్తుగా తగులుతాయి. తర్వాత నోటును కొంచెం వంచి చూడండి. నోటులో నిలువుగా ఉన్న దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. కింద కుడివైపున ఉన్న 500 అంకె కూడా అలాగే మారుతుంది. వెలుతురుకు ఎత్తితే గాంధీ గారి నీడబొమ్మ, పక్కనే 500 అంకె కనబడాలి. చీకట్లో, సాయంత్రం కరెంటు పోయినప్పుడు పెద్ద మొత్తం తీసుకోకండి. రంగు మారడం కనిపించదు.

డబ్బు కట్టడానికి వెళ్తే బ్యాంకులో దొంగనోటు బయటపడితే పోలీసులు పట్టుకుంటారా?

ఒక్కసారి కట్టిన డబ్బులో నాలుగు వరకూ దొరికితే బ్యాంకు వాటిని ముద్ర వేసి ఉంచేసుకుంటుంది, మీకు రసీదు ఇస్తుంది, నెలాఖరున పోలీసులకు కలిపి నివేదిక పంపుతుంది. ఐదు గానీ ఆపైన గానీ దొరికితే పోలీసులకు ఫిర్యాదు వెళ్తుంది. ఎలాగైనా ఆ నోటు విలువ మీకు రాదు. రసీదు అడిగి తీసుకోండి. దొంగనోటని తెలిశాక ఇంకొకరికి అంటగట్టడం మాత్రం నేరం.

చిరిగిన నోట్లు ఇచ్చారు. పోయినట్టేనా?

లేదు. ఏ బ్యాంకు శాఖలోనైనా మార్చుకోవచ్చు. 50, ఆపై నోట్లలో పెద్ద ముక్క 80 శాతం దాటి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 లోపు ఉంటే సగం.

ఇంట్లో 2000 నోట్లు దొరికాయి. వాటితో కొనొచ్చా?

షాపులో తీసుకోరు. 2023 మే 19న వాటిని ఉపసంహరిస్తున్నట్టు రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. చట్టబద్ధత మాత్రం తీసేయలేదు. బ్యాంకుల్లో మార్పిడి 2023 అక్టోబర్ 7తో ముగిసింది. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు ఇష్యూ కార్యాలయాల్లో, మనకు హైదరాబాద్‌లో, అవకాశం ఇచ్చారు. పోస్టులోనూ పంపవచ్చన్నారు. బీరువాల్లో చీరల మడతల్లో దాచి మరిచిపోయిన అమ్మమ్మల డబ్బే ఇందులో ఎక్కువ. సిగ్గుపడక తీసుకెళ్లండి.

నగదుతో ప్రయాణిస్తుంటే దారిలో పట్టుకుంటారా?

మామూలు రోజుల్లో పరిమితి లేదు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50,000 దాటితే తనిఖీల్లో ఆధారం అడుగుతారు. బ్యాంకు విత్‌డ్రా చీటీ, పెళ్లి శుభలేఖ, నగల షాపు అంచనా చీటీ, మార్కెట్ యార్డు బిల్లు, ఏది ఉంటే అది డబ్బుతో పాటే సంచిలో పెట్టుకోండి. స్వాధీనం చేసుకుంటే రసీదు అడగండి. అలాంటి సొమ్ము తిరిగి ఇప్పించడానికి ప్రతి జిల్లాలో ముగ్గురు అధికారులతో కమిటీ ఉంటుంది.

పోలీసుల కన్నా నాకు దొంగల భయమే ఎక్కువ. బ్యాంకు బయట "మీ డబ్బులు కింద పడ్డాయి" అని పిలుస్తారు, చొక్కా మీద ఏదో పోస్తారు. స్కూటర్ డిక్కీలో పెట్టి టీ తాగడానికి ఆగితే డబ్బు ఉండదు. ఇద్దరు వెళ్లండి, ఎక్కడా ఆగకుండా ఇంటికి రండి.

ఆసుపత్రి బిల్లు 3 లక్షలైంది, మొత్తం క్యాష్‌గా తీసుకోం అంటున్నారు. ఏం చేయాలి?

ఆసుపత్రికీ అదే రూలు. కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు 2021 ఏప్రిల్, మే నెలల్లో మాత్రమే, పాన్ లేదా ఆధార్ వివరాలతో సడలింపు ఇచ్చారు. ఇప్పుడు బంధువుల్లో ఎవరి ఖాతా నుంచైనా మిగతాది పంపించండి.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడా ఇలాంటి పరిమితి ఉందా?

అక్కడ పద్ధతి వేరు. నగదు తీసుకోవద్దనరు. వ్యాపారి 10,000 డాలర్లు దాటి నగదు తీసుకుంటే పదిహేను రోజుల్లో ఫారం 8300 నింపి పంపాలి. అబ్బాయి ఇక్కడ ఫ్లాటు కొంటే మాత్రం డాలర్ నోట్లు ఇచ్చి కొనడానికి వీల్లేదు. బ్యాంకు ద్వారానే రావాలి.

క్యాష్ బదులు ఏది మేలు?

ఆర్‌టీజీఎస్. కనీసం 2 లక్షలు పంపాలి, గరిష్ఠ పరిమితి లేదు, 2020 డిసెంబర్ 14 నుంచి రాత్రీ పగలూ పనిచేస్తోంది. ఆదివారం ముహూర్తమని నగదు తెచ్చిపెట్టుకోవాల్సిన పనే లేదు. కాగితం కావాలనుకునేవారికి డీడీ ఉంది. 50,000, ఆపై డీడీ నగదుకు ఇవ్వరు, ఖాతా నుంచే తీయాలి.

నగదు ఇవ్వక తప్పకపోతే రసీదులో ఏముండాలి?

ఇచ్చినవారు, తీసుకున్నవారు పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు. దేనికోసం ఇచ్చారో సూటిగా. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ. నోట్ల వివరం: 500 నోట్లు 300, మొత్తం 1,50,000 అని. మిగిలింది ఎంత, ఎప్పటికి. ఇద్దరు సాక్షులు, ఫోన్ నంబర్లతో. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం. బ్యాంకులో తీసిన డబ్బయితే ఆ తేదీ కూడా రాయండి. అక్కడే ఫోన్‌తో ఫొటో తీసి ఇద్దరూ ఒకరికొకరు పంపుకోండి. నగల బిల్లయితే హెచ్‌యూఐడీ అనే ఆరు అంకెలూ అక్షరాల హాల్‌మార్క్ కోడ్ నగ మీదున్నదీ బిల్లు మీదున్నదీ ఒకటేనా అని భూతద్దం అడిగి చూడండి, ఇస్తారు.

ఆ కాగితాలు ఎన్నాళ్లు ఉంచాలి?

స్థలం, ఇల్లు, బంగారం బిల్లులు ఆ ఆస్తి మీ చేతిలో ఉన్నంత కాలమూ, అమ్మాక ఆ ఏడాది పన్ను లెక్క తేలేదాకానూ. షాపు మిషన్లో వచ్చిన బిల్లు రెండేళ్లకే తెల్లబడిపోతుంది. కొన్న రోజే జిరాక్స్ తీయించి దానికి జత చేయండి.